మద్దిగుంటలో వదిలిన వేషం

బసవయ్య మొహం ఎట్లా ఉండేదని ఎవరన్నా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పలేను గనక. పదకొండేళ్ళు, ఏటా ఏడేసి రోజులు మా బడి అరుగు మీదే విడిది చేసిన మనిషి. ఆయన కట్టిన పళ్ళూడిన వైద్యుడి మొహం చెప్పగలను. కోడలికి భయపడే అత్తగారి మొహం చెప్పగలను. కొలతల దొర మొహమైతే అడక్కపోయినా చెబుతాను, అది నన్ను వదలదు. బసవయ్య సొంత మొహం మాత్రం నాకు గుర్తు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నది చాలు.

నా పేరు దయామణి. మాచర్ల దగ్గర కృష్ణ ఒడ్డున మద్దిగుంట అని అరవై గడపల ఊరు ఉండేది. 1955లో అక్కడి బడికి పంతులమ్మగా వెళ్ళాను. బడి వెనక గదిలోనే నా కాపురం. ఇప్పుడా ఊరు ఆనకట్ట నీళ్ళ కింద ఉంది.

బసవయ్యది పెదకూరపాడు. నరసరావుపేటలో మకాం పెట్టాడు. పగటివేషాలు వాళ్ళ తాతల నాటి వృత్తి. పగటిపూట వేషం కట్టి, ఊరి వీధుల్లో గడప గడపకీ వచ్చి నవ్వించి పోవడం. మేళంలో ముగ్గురే. కథ అల్లేది, పెద్ద వేషం కట్టేది బసవయ్య. ఆడవేషాలకి ఆయన బావమరిది వీరయ్య. డోలకు మౌలాలీ. మౌలాలీది కారెంపూడి, బండి కూడా అతనిదే. ఈ ముగ్గురూ ఊళ్ళోకి ఒక రోజు ముందే వచ్చేవాళ్ళు. వీరయ్య బావి దగ్గర ఆడవాళ్ళ మాటలు వినేవాడు, మౌలాలీ టీ కొట్టు దగ్గర మగవాళ్ళ మాటలు వినేవాడు. పొద్దుగూకేసరికి ఎవరికి ఎవరితో పడటం లేదో, ఎవరి గేదె ఎవరి చేలో పడిందో ముగ్గురికీ తెలిసిపోయేది. నేను వచ్చి అయిదేళ్ళయినా తెలియనివి వాళ్ళకి ఒక్క పూటలో తెలిసేవి. దానికి కూడా నాకు కోపం వచ్చేది.

మా అరుగు మీద కూర్చుని మర్నాటి వేషం అల్లేవాళ్ళు. బసవయ్య ఒక మాట అనేవాడు, వీరయ్య దానికి తోక తగిలించేవాడు. మౌలాలీ మాత్రం మాట్లాడడు, నవ్వడు. నవ్వొస్తే అతని భుజాలు కదిలేవి, అంతే. ఆ భుజాలు కదిలితే మాట వేషంలో ఉంటుంది, కదలకపోతే పోతుంది. అదీ వాళ్ళ చట్టం. ఒకసారి బసవయ్య పొద్దుటినుంచీ అల్లినదంతా మౌలాలీ భుజాలు కదల్లేదని తీసి పారేశాడు. "ఎందుకయ్యా, బాగానే ఉందిగా" అన్నాను. "మీరు చదువుకున్నోళ్ళు పంతులమ్మా, మొహమాటానికి నవ్వుతారు. ఈడి భుజాలకి మొహమాటం లేదు" అన్నాడు.

ఆరు రోజులు ఆరు వేషాలు. ఏడో రోజు వేషం ఉండదు. ముగ్గురూ మొహాలు కడుక్కుని, మామూలు పంచెలతో ప్రతి గడప ముందూ నిలబడతారు. తండ్రి పేరు, ఊరు పేరు, తమ పేరు చెబుతారు. "నిన్నటిదాకా మిమ్మల్ని నవ్వించింది మేం కాదు తల్లీ, మా వేషాలు. వాటిని మీ ఊళ్ళో వదలకుండా వెంటబెట్టుకు పోతన్నాం. మా మొహాలు చూసి సెలవియ్యండి" అంటారు. ఇంటివాళ్ళు వాళ్ళ మొహంలోకి చూసి, "చూశాం, పోయి రండి" అనాలి. అదయ్యాకే చేటలో గింజలు. గింజలు ఇవ్వకపోయినా ఊరుకునేవాళ్ళు గానీ, చూడకుండా అంటే మాత్రం కదిలేవాళ్ళు కాదు. సొంత మొహాన్ని చూసి చెప్పకపోతే వేషం ఆ ఊళ్ళోనే ఉండిపోతుందట. నేను బైబిలు చదివే మనిషిని. ఇవన్నీ విని, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట అనుకుని నవ్వుకునేదాన్ని. అయినా ఏటా నా గడప మీద నిలబడి ఆ మాట అనేదాన్ని. ఎప్పుడైనా నిజంగా చూసి అన్నానా? ఇప్పుడు అనుమానం.

1966 మాఘంలో వచ్చినప్పుడు బసవయ్య కొత్త వేషం అల్లాడు. అప్పటికి రెండేళ్ళుగా ఆనకట్ట తాలూకు మనుషులు గొలుసులు పట్టుకుని మా పొలాల్లో తిరుగుతున్నారు. వాళ్ళ మీద ఆ వేషం. ఖాకీ నిక్కరు, దొరటోపీ, మసితో దిద్దిన మీసం, కాళ్ళకు తగులుతూ ఈడ్చుకొచ్చే కొలతల గొలుసు, చేతిలో సున్నపు ముంత. బావి లోతు కొలుస్తాడు, గేదె నీడ కొలుస్తాడు, పెళ్ళాం మాట పొడుగు కొలుస్తాడు. కొలిచాక గోడ మీద మోకాటి ఎత్తున సున్నంతో గీత గీసి, "ఇక్కడిదాకా నీళ్ళు. ఎద్దులకి ఈత నేర్పించండి" అంటాడు. అల్లుతుంటే మౌలాలీ భుజాలు ఆగకుండా కదిలాయి. దాన్ని ఆరో రోజుకి దాచారు.

వీరయ్యకి నోరాగదు. అయిదో రోజే జైనాబ్ బీతో "రేపు కొలతల దొర వస్తాడు, కాసుకో అవ్వా" అన్నాడు. జైనాబ్ బీ డెబ్భై ఏళ్ళ మనిషి. ఆమె నవ్వితేనే ఊరు నవ్వేది. ఆమె ఊరంతటికీ చెప్పింది.

ఆరో రోజు పొద్దున బసవయ్య మా అరుగు మీద ఇంకా మీసం దిద్దుకుంటున్నాడు. ఊరి మొగన జీపు ఆగింది. ఖాకీ నిక్కరు, దొరటోపీ, గొలుసు మోసే మనిషితో సహా నిజం ఆఫీసరు దిగాడు. వీధిలోకి వచ్చి, "మూడు నెలల్లో ఊరు ఖాళీ చెయ్యాలి, లారీలు వస్తాయి, పేర్లు రాయించుకోండి" అని చెప్పాడు. ఊరు ఊరంతా ఫక్కుమంది. ఆయన గట్టిగా చెప్పిన కొద్దీ ఇంకా నవ్వారు. జైనాబ్ బీ ముందుకొచ్చి, "ఏంరా బసవయ్యా, ఈసారి మీసం బాగా అతికించావే" అని ఆయన మీసం పట్టుకుని గుంజింది. అది ఊడి రాలేదు. ఆయన మొహం కందగడ్డలా అయింది. ఒక్క పేరు కూడా రాసుకోకుండా బడి గోడకి కాగితం అంటించి జీపెక్కాడు. జనం ఆ జీపు వెంట కూడా నవ్వుతూ పోయారు.

అరగంటకి బసవయ్య వీధిలోకి వచ్చాడు. అదే ఖాకీ, అదే టోపీ, అదే గొలుసు చప్పుడు.

నవ్వు ఆగిపోయింది. జనం బసవయ్యని చూశారు, జీపు పోయిన దారి చూశారు. నేను గోడ మీది కాగితం పైకి చదివాను. అప్పుడైనా బసవయ్య ఆపవలసింది. కానీ నవ్వు రాకపోతే ఆ జాతి మనుషులు ఆపలేరు, ఇంకా గట్టిగా ఆడతారు. ఇల్లిల్లూ తిరిగి గోడ గోడకీ గీత గీశాడు. "ఇక్కడిదాకా నీళ్ళు" అన్నాడు. ఎవరో ఆడమనిషి గొల్లుమంది. మౌలాలీ డోలు ఆపేశాడు. నవ్వు నాలుగు విధాల చేటంటారు, ఆ రోజు కళ్ళారా చూశాను.

ఏడో రోజు నేను ఊళ్ళో లేను. ఊరు ఖాళీ చేయించొద్దని అర్జీ రాసింది నేనే గనక పెద్దలతో కలిసి మాచర్ల వెళ్ళాను. ఆ రోజు ముగ్గురూ మొహాలు కడుక్కుని అరవై గడపల ముందూ నిలబడ్డారట. ఒక్కరూ తలుపు తెరవలేదు. జైనాబ్ బీ లోపలినుంచి, "నీ వేషం మా కొంప ముంచింది గదరా, నీ మొహం నాకు చూపించబాక" అన్నదట. చూశామని ఎవరూ అనలేదు. పోయి రమ్మని ఎవరూ అనలేదు.

వైశాఖానికల్లా ఊరు ఖాళీ. నేను మాచర్లలో గది తీసుకున్నాను. ద్వారబంధాలు, గడపమానులు, దూలాలు పీక్కుపోవడానికి జనం పాత ఊరికి పోయి వస్తుండేవాళ్ళు. పోయి వచ్చినవాళ్ళు ఒకటే మాట చెప్పేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం వీధిలో గొలుసు ఈడ్చిన చప్పుడు. మనిషి కనపడడు. గోడల మీద సున్నపు గీతలు, పచ్చివి, వేలు పెడితే అంటుకునేవి. ముందు మోకాటి ఎత్తున ఉన్నవి, తర్వాత నడుం ఎత్తున, తర్వాత భుజాల ఎత్తున. ఆనకట్ట వాళ్ళే గీస్తున్నారు పొమ్మన్నాను. తర్వాత వాళ్ళ మనిషి ఒకడు కనిపిస్తే అడిగాను. "మాకు సున్నంతో పని లేదమ్మా, రాళ్ళు పాతడంతోనే అయిపోయింది, ఉగాది తర్వాత అటు పోనేలేదు" అన్నాడు.

ఆషాఢంలో ఒక సాయంత్రం బసవయ్య నా గది ముందుకొచ్చాడు. వెనక మౌలాలీ ఉన్నాడు. బసవయ్య తలకి తువ్వాలు చుట్టి, మొహం సగం కప్పుకున్నాడు.

"ఏందయ్యా ఈ వాలకం?" అన్నాను.

"పంతులమ్మా, ఎడ్లపాడులో వైద్యుడి వేషం కట్టా. ఒక్కరూ నవ్వలా. ఒకావిడ లేచి, అయ్యా మా ఇల్లు కూడా పోద్దా అని అడిగింది" అన్నాడు. "ధరణికోటలో అత్తగారి వేషం కడితే మా వీరయ్యే దణ్ణం పెట్టి పక్కకి జరిగాడు. నేనేం కట్టినా వాళ్ళకి ఆ దొరే కనపడతన్నాడు. కొబ్బరినూనె రాశా, బూడిద రుద్దా. మీసం మసి పోవట్లా. మొన్న ఇంట్లో పున్నమ్మని పిలుద్దామంటే పేరు రాలా. ఇరవై ఏళ్ళు కాపరం చేసిన పెళ్ళాం పేరు. వాకిలి ఎన్ని మూరలుందో అది మాత్రం నోట్లోకి వచ్చింది."

మౌలాలీ ఎప్పుడూ మాట్లాడనివాడు, అప్పుడు మాట్లాడాడు. "వేషం ఆ ఊళ్ళోనే ఉండిపోయింది అమ్మా. శ్రావణంలో నీళ్ళు వదుల్తారంట. అది మునిగిందంటే మా అన్న ఇంక మిగలడు."

"జైనాబ్ బీని అడగండి, ఇంకొకర్ని అడగండి. నాకెందుకు ఈ గోల?" అన్నాను.

"అందరి కాళ్ళూ పట్టుకున్నా. చెబుతామంటన్నారు. కానీ వాళ్ళకి గడపలేవి? అన్నీ పీక్కొచ్చారుగా. సెలవు ఆ ఊళ్ళో గడప మీదే ఇయ్యాలి. బడి గడప ఒక్కటే మిగిలింది. రాతి గడప, సర్కారు గడప. ఆ ఇంట్లో కాపరం ఉన్నది మీరు. ఏడో రోజు మా మొహం మీద తలుపెయ్యనిదీ మీరొక్కరే" అన్నాడు బసవయ్య.

తిట్టాను. దేవుడు, దయ్యం, అజ్ఞానం అంటూ చానాసేపు తిట్టాను. ఆయన కదల్లేదు. ఆ నిలబడటం చూసి నాకు భయం వేసింది, జాలి కూడా వేసింది. బడి సామాను తెమ్మని పైనుంచి నాకెట్లాగూ తాఖీదు ఉంది. "రేపు పొద్దున బండి కట్టు. నేనూ వస్తాను" అన్నాను.

మర్నాడు మేం మద్దిగుంట చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మౌలాలీ ఊరి మొగన ఎద్దులు విప్పి బండి దగ్గరే ఉన్నాడు. తలుపుల్లేని ఇళ్ళు, కప్పుల్లేని గోడలు. కుక్క లేదు, కాకి లేదు. ప్రతి గోడ మీదా తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి.

"మొహం కడుక్కుని వస్తా పంతులమ్మా. మీరు గడప దగ్గరే ఉండండి. నా మొహం చూసి చెప్పాలి. మర్చిపోబాకండి" అన్నాడు బసవయ్య.

"చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పబాక. తెలుసు" అన్నాను.

ఆయన బావి వైపు పోయాడు. నేను బడి లోపలికి పోయాను. ట్రంకుపెట్టె తెరిస్తే హాజరు పట్టీలు ఎలకలు కొట్టేసి ఉన్నాయి. పదకొండేళ్ళ పేర్లు, నా చేత్తో రాసినవి. నాకు కోపం, దుఃఖం రెండూ ఒకేసారి వచ్చాయి. గడపకి వీపు పెట్టి, నేల మీద కూర్చుని ఆ ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. మనిషన్నాక ఒక్క నిమిషం ఆగి గడప దగ్గర నిలబడొచ్చుగా. నిలబడలేదు.

గదిలోకి నీడ పడింది. వెనకనుంచి, "పెదకూరపాడు వీరభద్రయ్య కొడుకు బసవయ్యని తల్లీ. వెంట తీసుకు పోతన్నా. సెలవియ్యండి" అని వినపడింది. ఆయన గొంతే.

"చూశాను లేవయ్యా, పోయి రా" అన్నాను. తల తిప్పలేదు. చేతిలో రెండో తరగతి పట్టీ ఉంది.

నీడ పోయింది. దూరంగా గొలుసు చప్పుడు వినపడింది. ఎద్దుల గొలుసనుకున్నాను. మౌలాలీ ఎద్దులకి పగ్గాలే గానీ గొలుసులు లేవని కాసేపటికి గుర్తొచ్చింది. అప్పుడు లేచాను.

లేచేసరికి గడప అవతల బసవయ్య ఉన్నాడు. మొహం నిండా నీళ్ళు కారుతున్నాయి, ఆయాసపడుతున్నాడు. "ఆలస్యమైంది పంతులమ్మా. బావికి చేద లేదు. వాగు దాకా పోయి కడుక్కొచ్చా" అన్నాడు.

ఆయన వెనక అరుగు స్తంభం మీద, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఒక సున్నపు గీత ఉంది. దాని మీదనుంచి తెల్లటి బొట్లు ఇంకా కిందికి జారుతున్నాయి.

"ఎవరన్నా వచ్చారా అమ్మా?" అన్నాడు బసవయ్య.

"ఎవరూ రాలా" అన్నాను.

ఆయన చేతులు జోడించి తండ్రి పేరు, ఊరి పేరు, తన పేరు చెప్పాడు. "నా మొహం చూసి సెలవియ్యి తల్లీ" అన్నాడు.

"చూశాను బసవయ్యా, పోయి రా" అన్నాను. నా కళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి. ఆయన మొహం నాకు జానెడు దూరంలో ఉంది, కడిగిన మొహం, బతకాలని అడుగుతున్న మొహం. ఒక్కసారి కిందికి చూపు దించితే సరిపోయేది. భయంతో దించలేకపోయాను.

బండి దగ్గరికి వచ్చాం. మౌలాలీ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఏందన్నా ఇది. ఇందాకే గొలుసు ఈడ్చుకుంటా నన్ను దాటుకుని రోడ్డెక్కి పోయావుగా. పిలిచినా పలకలా. మళ్ళీ ఎనకనుంచి వస్తన్నావేంది?" అన్నాడు.

బసవయ్య నా వైపు తిరిగాడు. బండెక్కి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. మాచర్ల దాకా ఆ తల ఎత్తలేదు.

శ్రావణంలో నీళ్ళు వచ్చాయి. అరుగు స్తంభం మీది ఆ గీత కూడా మునిగింది.

బసవయ్య ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. మళ్ళీ వేషం కట్టలేదు. నరసరావుపేటలో ఇంటి ముందు కూర్చునేవాడట. ఎవరన్నా పలకరిస్తే ముందు తండ్రి పేరు, తర్వాత ఊరి పేరు, తర్వాత తన పేరు చెప్పి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఎదురుచూసేవాడట. దేనికోసమో వాళ్ళకి తెలియదు గదా, నవ్వి పోయేవాళ్ళు. అన్నేళ్ళూ నవ్వు కోసం పాటుపడ్డ మనిషి, ఆ నవ్వు విని లేచి ఇంట్లోకి పోయేవాడట.

వీరయ్యా మౌలాలీ ఇద్దరే ఒక ఏడాది మేళం నడిపారు. తర్వాత మానేశారు. ఎందుకని అడిగితే వీరయ్య చెప్పాడు. వాళ్ళు ఏ ఊరు పోయినా, "మీ కొలతల దొర నిన్ననే వచ్చి పోయాడుగా" అనేవాళ్ళట. పెదకూరపాడు, ధరణికోట, ఎడ్లపాడు, తమ మేళం ఏ వరసలో తిరిగేదో అదే వరస, ఒక్క రోజు ముందు. "నవ్వించాడా?" అని వీరయ్య అడిగితే, "లేదు. గోడ కొలిచి పోయాడు" అన్నారట.

1969లో బసవయ్య పోయాడని కబురొచ్చింది. కనీసం అప్పుడన్నా ఆ మొహం చూద్దామని బస్సెక్కాను. దారిలో బస్సు చెడింది. నేను చేరేసరికి మట్టి ఇచ్చి వచ్చేశారు. గోడ మీద ఫొటో కూడా లేదు. ఉన్నవన్నీ వేషాల్లో తీసినవేనట.

పున్నమ్మ నా చేతులు పట్టుకుంది. ఏడవలేదు. "అక్కా, పోయే ముందు నా పేరు గుర్తొచ్చింది ఆయనకి. పున్నమ్మా అని పిలిచి ఒకటే అడిగాడు. పంతులమ్మ ఆ రోజు నన్ను చూసిందా, నా మొహం చూసే ఆ మాట అన్నదా, కనుక్కో అన్నాడు. చూశావా అక్కా?"

"చూశానమ్మా" అన్నాను. చూడకుండానే నేను ఆ మాట అనడం, నాకు తెలిసి, అది మూడోసారి.